వంశీ చివరి పరుగు

నార్సింగిలో కొత్త రేసింగ్ ట్రాక్‌కి వంశీ పేరు పెడుతున్నారు. ప్రారంభించమని సందీప్‌నే పిలిచారు.

"నేను వెళ్లను," అన్నాడు సందీప్.

"పోయిన మనిషితో కూడా పోటీయేనా?" అంది శిరీష, మాత్రలూ మంచినీళ్లూ భర్త చేతికిస్తూ.

పోటీ కాక మరేమిటి? రేసుల్లో ఉన్నన్నాళ్లూ కప్పు వంశీది, పక్కన నిలబడి చప్పట్లు కొట్టే పని తనది. కొండాపూర్ ఫ్లాట్‌లో అలమరా నిండా రెండో బహుమతులే. ఏ మలుపు తిరిగినా ఎదురుగా వంశీ కారు వెనకభాగమే. ఆయాసం ముదిరి తను రేసులు మానేశాక కూడా వాడు గెలుస్తూనే ఉన్నాడు.

చనిపోయీ ఊరుకున్నాడా? ఏడాదైనా అందరి నోటా ఆ చివరి పరుగు మాటే.

"ఆఫీసులు ఇడిచే టైము సార్," ఇల్లు తుడుస్తూ మల్లమ్మ మళ్లీ మొదలుపెట్టింది. "బయోడైవర్సిటీ చౌరస్తా కాడ పోలీసోళ్లు అందర్ని ఆపేసిన్రు. వంశీ సార్ ఒక్క సిగ్నల్ కాడ ఆగలే. గాలి లెక్క పోయిండు. మా ఆయన ఆటో దిగి దండం పెట్టిండు."

"పోలీసులు దారిస్తే ఎవరైనా పోతారు."

"గట్లంటరేంది సార్," అని మల్లమ్మ నొచ్చుకుంది.

రాత్రి దిండు మీద తల పెడితే చాలు, వంశీయే వినిపిస్తాడు. ఈ జన్మకి వాణ్ని దాటడం ఇక తన వల్ల కాదు.

కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో వంశీ తల్లి చెన్నమ్మ. అనంతపురం బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో సంచి అలాగే ఉంది.

"రానంటివంట. ఏంటికప్పా?"

సందీప్ తల దించుకున్నాడు. "అంతా వాడినే పొగుడుతారమ్మా. అక్కడ నేనెవరిని?"

"గెలిచినప్పుడల్లా నాకు ఫోన్ చేసి ఏమనేవాడో తెలుసునా? 'వెనక సందీప్‌గాడు తరమకుంటే నేనింత జోరుగా పోనుమా' అనేవాడు."

ఆ మాట వాడు తనతో ఒక్కసారీ అనలేదు.

"నువ్వు రాకుంటే వాడూ రానట్టే కదప్పా," అంది చెన్నమ్మ మెల్లగా.

సందీప్ లేచాడు. "శిరీషా, కారు తాళాలు."

"ఉండు నాయనా. పోయేముందు ఒక్కసారి."

అతను చొక్కా పైగుండీలు విప్పాడు.

చెన్నమ్మ కళ్లు మూసుకుని అతని ఛాతీకి చెవి ఆనించింది. ఆ సాయంత్రం అంబులెన్సులో సిగ్నళ్లన్నీ దాటుకుంటూ వచ్చి అక్కడ చేరింది ఆమె కొడుకు గుండె.