మడుగుకు రెండు గట్లు

రేచుకుక్కల మంద మడుగు మీద పడ్డప్పుడు అడవిదున్న, అడవిపంది వీపుకు వీపు ఆనించి నిలబడ్డాయి. ఒకటి కొమ్ములతో, ఒకటి కోరలతో మూడు రోజులు కుమ్మేసరికి కుక్కలు తోక ముడిచి కొండ దాటాయి. అడవంతా పండగ చేసుకుంది. అప్పుడు దున్న, పంది ఒకదానివైపు ఒకటి తిరిగాయి.

"మడుగు అందరిదీ. వంతులవారీగా తాగాలి. ఎవరి వంతు ఎప్పుడో నేను చెబుతాను" అంది దున్న.

"ఎవరి గుంట వాళ్ళే తవ్వుకోవాలి. తవ్వలేనివాళ్ళ గొంతు ఎండితే నాకేం?" అంది పంది.

సగం జంతువులు ఈ గట్టుకు, సగం ఆ గట్టుకు చేరాయి. దున్నకూ పందికీ రోజంతా బండకేసి కొమ్ములు, కోరలు నూరుకోవడమే పని. తల వంచితే అవతలిది మీద పడుతుందేమోనని గుక్కెడు నీళ్ళు కూడా స్థిమితంగా తాగడం లేదు.

మడుగు మధ్య రాతి మీద ముసలి తాబేలు మాత్రం హాయిగా ఎండలో ఒళ్ళు ఆరబెట్టుకుంటోంది. దిగి పొర్లేవాళ్ళు లేక నీళ్ళు అద్దంలా తేరుకున్నాయి మరి.

"తాబేలవ్వా, ప్రాణానికి ప్రాణంగా పోరాడారు కదా, ఇంతలో ఏమొచ్చింది వీళ్ళకి?" అని అడిగింది కప్ప.

"పోరాడినన్నాళ్ళూ వీపులే కదే ఆనించుకున్నారు!" అంది తాబేలు. "ఒకరి మొహం ఒకరు చూసుకున్నది గెలిచాకే."