ఏడో పటం

"ఏడో పటం దించెయ్యండి. ఖాళీ కనబడకూడదు. మిగతావాళ్లని జరపండి."

జిల్లా ఆఫీసు నుంచి ఫోను. ఎందుకని అడిగేలోపే పెట్టేశారు.

ఊరి గ్రంథాలయం చూసుకునే స్తోయ్నాకు ఒళ్లు మండింది. ఇంకాసేపట్లో మే డే ఊరేగింపు. గ్రంథాలయం గోడ మీద పొలిట్‌బ్యూరో మొత్తాన్నీ ఒంటి చేత్తో వేలాడదీసింది. పై వరుసలో సభ్యులు, కింది వరుసలో అభ్యర్థి సభ్యులు. అన్నీ రాజధాని సోఫియాలో రంగులద్ది పంపిన ఫొటోలే. ఒక్క ముడత లేదు, మచ్చ లేదు. అందరూ ఒక తల్లి పిల్లల్లా ఉంటారు.

ఈ రోజు అలంకరణలో చిన్న తప్పు కూడా దొరక్కూడదు. పార్టీ జిల్లా కార్యదర్శి వస్తున్నాడు. తప్పు దొరికితే దాన్నే పట్టుకుని సాగదీసి, ఆమెను అసలు మాట ఎత్తనివ్వడు.

అసలు మాట ఒక్కటే. ఆనకట్ట కట్టి తమ ఊరిని ముంచాలని పైవాళ్లు తీర్మానం చేశారు. దాన్ని తిరగ్గొట్టించాలని స్తోయ్నా పంతం.

బస్సు వచ్చి ఆగింది. మాసిన కోటులో ఒక ముసలాయన దిగాడు. ఏటి వంక చూస్తూ నిలబడిపోయాడు.

"ఏం తాతా! ఊరికే నిలబడకపోతే వచ్చి ఈ నిచ్చెన పట్టుకోరాదూ?"

వచ్చాడు. నిచ్చెన కింద అంతా బురద. స్తోయ్నా పై వరుసలోని ఏడో పటం దించి, బోర్లా పడేసింది.

"దీని మీద నిలబడు. బూట్లు పాడవకుండా ఉంటాయి."

ముసలాయన తటపటాయించాడు.

"ఎక్కవయ్యా! ఆయనేం కరవడులే. ఇప్పుడే ఉద్యోగం ఊడింది."

ఎక్కాడు. పటం వెనక చెక్క కిర్రుమంది.

"ఏం చేశాడట?"

"ఏం వెలగబెట్టాడో! మాకు చెప్తారా?" స్తోయ్నా నోట్లో మేకులు పెట్టుకునే మాట్లాడుతోంది. "ఈ కింది వరుసవాళ్లున్నారే, వీళ్లకి మాట్లాడే హక్కుంది గానీ చెయ్యెత్తే హక్కు లేదు. మా ఇంట్లో మా ఆయనలాగా."

ముసలాయన పకపకా నవ్వాడు. అప్పుడు చూసిందామె, ఎడమ చెవికి తమ్మె లేదు.

"ఆ చెవేంటి, కుక్క కరిచిందా?"

"మంచు కొరికింది. యుద్ధంలో, బాల్కన్ కొండల్లో."

"పోన్లే, వినబడుతోందిగా. మరి ఈ పై వరుసవాళ్లకి ఓటుంది. అన్ని చేతులూ లేచాయి, మా ఊరు ముంచడానికి."

"లేవడం చూశావా?"

"చూడాలా? పేపర్లో వేశారుగా, ఏకగ్రీవం అని."

"పేపర్లో ఎప్పుడూ అదే వేస్తారమ్మా."

ఆఖరి పటం సర్ది, స్తోయ్నా నిచ్చెన దిగింది. అప్పుడు అనుమానం వచ్చింది. ఊరు మునుగుతుందని తెలిసిన దగ్గర్నుంచీ పెంకులకీ తలుపులకీ బేరాలాడేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో దిగుతున్నారు.

"ఇంతకీ ఏం కొనడానికొచ్చావ్?"

"ఏమీ కొనను. ఊరు చూద్దామని వచ్చాను."

"అందరూ ఇదే మాట! చూద్దామనే వస్తారు, పోయేటప్పుడు ఎవడో ఒకడి గుమ్మం పీక్కుపోతారు. ఈ ఊరు మునగదు. అమ్మడానికి ఇక్కడ ఏమీ లేదు. బస్సు కదలబోతోంది, ఎక్కు."

"ఎక్కుతాను. మీ ఊటనీళ్లు బావుంటాయని విన్నాను. ఒక్క గుక్కెడు..."

"ఊరంతా ముంచేటన్ని నీళ్లు ఇస్తారుగా పైవాళ్లు. అప్పుడొచ్చి తాగు."

ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పట్టు వదలకమ్మా," అని మాత్రం అని బస్సెక్కాడు.

ఊరేగింపు వచ్చింది. కార్యదర్శి పటాల వరుసను ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. తప్పు దొరకలేదు. వేదిక మెట్టెక్కబోతుంటే స్తోయ్నా అడ్డంగా నిలబడింది.

"ఒక్క మాట చెప్పి ఎక్కండి. అంతమందిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు మా గురించి అడిగాడా?"

"కామ్రేడ్ స్తోయ్నా, ఇది పండగ పూట..."

"చెప్పేదాకా కదలను. మీరు నా మీదుగా ఎక్కండి."

వాయిద్యాలు ఆగిపోయాయి. జనమంతా ఇటే చూస్తున్నారు. కార్యదర్శి నుదురు తుడుచుకుని ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఒకాయన అడిగాడు. 'ఊరు చూడకుండా చెయ్యెత్తను' అన్నాడట. అందరూ ఎత్తినా ఆయన ఎత్తలేదు. పొద్దున మీకు ఫోను అందుకే. ఇది నేను అనలేదు, నువ్వు వినలేదు. ఇక తప్పుకో."

స్తోయ్నా తప్పుకుంది. సుత్తి అందుకుంది.

"అయితే ఆయన గోడ మీదే ఉంటాడు. ఇంకో మేకు కొడతాను. దించాలంటే మీ చేత్తోనే దించండి, ఊరంతా చూస్తుండగా!"

నిచ్చెన కింద పటాన్ని బురదలోంచి లాగింది. వీపు మీద రెండు బూటు అడుగులు అలాగే ఉన్నాయి. బస్సు కొండ మలుపు దాటి చాలాసేపయింది.

పటం తిప్పి, తడి గుడ్డతో ఆ నున్నని ముఖాన్ని గట్టిగా తుడిచింది. బురదతో పాటు సోఫియావాళ్లు అద్దిన రంగు కొంచెం ఊడివచ్చి, ఎడమ చెవికి తమ్మె లేకుండా పోయింది.