పార్కులో కుప్పయ్య రాయి

చిత్తూరు పార్కు కమిటీ సెక్రటరీ మునిశేఖర్ ప్రతి సోమవారం కుప్పయ్య ఇంటికి వస్తాడు. ఒంట్లో ఎలా ఉందని అడుగుతాడు.

కుప్పయ్యకు ఎనభై నాలుగేళ్లు. ఒకప్పుడు ఆ పార్కులో తోటమాలి. షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని బుల్డోజర్ తెస్తే, దాని ముందు తొమ్మిది రోజులు అడ్డంగా పడుకున్నాడు. తోట మిగిలింది. ఊరు ఆయన్ను మర్చిపోయింది.

ఈ ఏడాది మార్చిలో ఆయన జబ్బుపడి వేలూరు ఆసుపత్రిలో చేరాక మళ్లీ గుర్తొచ్చాడు. కమిటీ ఆదరాబాదరా సమావేశమై, ఆయన పేరిట పార్కులో రాయి నిలపాలని తీర్మానించింది. కుప్పయ్య ఇరవై రోజులకు ఇంటికి తిరిగొచ్చేసరికి పార్కు నడుమ నిలువెత్తు నల్లరాయి ఉంది. దాని చుట్టూ నీలం టార్పాలిన్ కప్పి, తాళ్లతో బిగించి కట్టారు.

"ఎప్పుడు తెరుస్తారప్పా?" అని అడిగాడు కుప్పయ్య.

"పెద్దోళ్ల డేటు దొరకాల పెద్దాయనా."

"నాకు సదువు రాదు. నా పేరు రాయి మీద ఎట్లుంటాదో ఒక్కసారి సూడాలని ఉండాది."

మునిశేఖర్ చెప్పులేసుకుని గబగబా వెళ్లిపోయాడు.

అప్పటినుంచీ సోమవారం తప్పలేదు. వచ్చినప్పుడల్లా మైసూర్‌పాకు పొట్లం తెచ్చేవాడు.

"ఆయనకు షుగరబ్బా," అనేది కుప్పయ్య భార్య చెంగమ్మ.

"ఒకటి తింటే ఏం కాదులేమ్మా."

ఆగస్టులో ఆయన్ను నడకదారిన తిరుమలకు తీసుకెళ్లాడు. మెట్లన్నీ ఎక్కించాడు. కుప్పయ్య గోవింద నామాలు చెప్పుకుంటూ హుషారుగా ఎక్కేశాడు. మోకాళ్లు పట్టేసి వారం రోజులు మంచం దిగనిది మునిశేఖరే.

అక్టోబరులో పరీక్షలు చేయించాడు. ఇంకో పదేళ్లు ఢోకా లేదన్నాడు డాక్టరు. మునిశేఖర్ అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నా కోసరం ఎంత తపిస్తాండాడో సూడు," అన్నాడు కుప్పయ్య భార్యతో. "కన్నకొడుకు లెక్క."

డిసెంబరు ఇరవై తొమ్మిది. సోమవారం. మునిశేఖర్ గడ్డం పెరిగిపోయి, నిద్రలేని కళ్లతో వచ్చాడు. కుప్పయ్య అప్పుడే కొడవలితో కొబ్బరికాయ ఒలిచి వచ్చి కూర్చున్నాడు.

"ఎట్లుండారు పెద్దాయనా?"

"రాయి లెక్కుండా. నువ్వే సిక్కిపోయినావు. నా రాయి కోసం తిరిగి తిరిగి ఇట్లయినావు. పెద్దోళ్లు రాకుంటే పోనీ. పద, మనమిద్దరమే పోయి తెరుద్దాం."

ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. మునిశేఖర్ వాకిట్లోనే ఆయన కాళ్లు పట్టేసుకున్నాడు.

"మీరింక బతకరని ఎవరో చెప్తే, రెండువేల ఇరవై అయిదులో కాలం చేసినారని రాయి మీద సెక్కించేసినాము పెద్దాయనా, ఇంక రెండు దినాలే ఉండాయి!"