చందనం పూసిన స్టెప్నీ

ఆ ఆదివారం పొద్దున నటేశన్ నగర్ ఇంట్లో ఉన్నది నలుగురు. అవ్వ జయమ్మాళ్, చిన్నాయన ఉదయకుమార్, పిన్నమ్మ మహాలక్ష్మి, సెలవులకు పల్లె నుంచి వచ్చిన కవిప్రియ.

వాకిట్లో నిలబడ్డ ట్రక్కునూ కలిపితే ఐదుగురు. చిన్నాయన దాన్ని ఇంటి మనిషి కిందే లెక్కేస్తాడు.

మధ్యాహ్నం సముద్రపు ఇసుకలో ట్రక్కుల పోటీ. నడిపేది చిన్నాయన. పక్క సీట్లో కూర్చుని, కాగితం చూసి దారి అరిచి చెప్పాల్సింది కవిప్రియ. నలుగురిలో నోరు విప్పని పిల్లను ఆయన పట్టుబట్టి ఎంచుకున్నాడు.

పొద్దుటి నుంచి ఆమె కాళ్లు నేల మీద ఆనడం లేదు. రేపే ఊరికి బస్సు. ఈ అవకాశం పోతే మళ్లీ రాదు.

పది గంటల లోపల తట్టాంచావడి షెడ్డులో బండిని తనిఖీకి చూపించాలి.

"తాగేదానికి కొంచెం నీళ్లిస్తారా?"

గేటు దగ్గర ఒకామె. నలభై దాటి ఉంటాయి. చొక్కా మీద మసి, చేతులకు గ్రీజు.

అవ్వ చెంబు అందించింది. "యాడ నుంచి వస్తా ఉండావమ్మా?"

"కడలూరు నుంచి అవ్వా. టైర్ల అంగడి పెట్టుకోనుండా."

"అరె, ఈ తమిళ ఊర్లో మన తెలుగు మాటే మాట్లాడతావే!"

ఆమె చూపు మాత్రం ట్రక్కు మీదే ఉంది. "పోటీకా?"

"మరి పెళ్లికా?" అన్నాడు చిన్నాయన.

ఆమె వంగి టైరును వేలితో నొక్కింది. "గాలెంత?"

"నలభై. గట్టిగా ఉంటేనే గదా బండికి బలం."

"రోడ్డుకు సరే. ఇసుకలో దిగే ముందు పద్దెనిమిదికి దించేయండి. టైరు వెడల్పుగా పరుచుకుంటే తేలతాది. గట్టి టైరు తన గుంత తానే తవ్వుకుంటాది."

"పంక్చర్ అతికే అక్క కూడా నాకు డ్రైవింగ్ నేర్పించబట్టె!"

పిన్నమ్మ ఫక్కున నవ్వింది. వచ్చినామె కూడా నవ్వి, బండి వెనక్కి నడిచింది.

"ఈ స్టెప్నీ చెల్లదు."

"ఏందీ?" చిన్నాయన లేచాడు. "ఒక్క దినం గూడా రోడ్డు మీద పెట్టలా దాన్ని! ఏటా ఆయుధపూజకి చందనం, కుంకుమ. రబ్బరు వెంట్రుకలు గూడా రాలలా, చూడు!"

ఆమె గోటితో టైరు పక్కభాగం మీది చందనం గీకింది.

"పూజ చేసిందాన్ని గీకుతావేందమ్మా!" అవ్వ అరిచింది.

పెచ్చు ఊడింది. కింద నాలుగు అంకెలు.

"చదువు పాపా."

కవిప్రియ వంగి చూసింది. "పన్నెండు... పద్నాలుగు."

"పన్నెండో వారం, రెండు వేల పద్నాలుగు. అది పుట్టిన తేదీ. ఊరికే కూర్చోబెట్టినా రబ్బరుకు వయసైపోతాది. పగుళ్లు చూడు."

కవిప్రియ పోటీ నిబంధనల కాగితం తీసి గబగబా వెతికింది. తొమ్మిదో వరుస దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"చిన్నాయనా... ఆరేళ్లు దాటిన స్టెప్నీ ఉంటే బండిని చేర్చుకోరంట."



తొమ్మిదిన్నర. పిన్నమ్మ మూడు అంగళ్లకు ఫోన్ చేసింది. ఆదివారం, ఎవరూ ఎత్తలేదు.

చిన్నాయన మెట్టు మీద కూలబడ్డాడు. "పోయింది కవీ. అంతా పోయింది."

టైర్లామె కవిప్రియ వైపు తిరిగింది. "పక్కన కూర్చునేది నువ్వా?"

కవిప్రియ తల ఊపింది.

"మొదటిసారా?"

"ఊఁ. రేపు ఊరికి పంపించేస్తారు."

టైర్లామె గడియారం చూసుకుంది. ఒక్క క్షణం ఆలోచించింది.

"నా దగ్గర ఒకటుంది. ఇదే సైజు, ఇవే ఆరు బోల్టులు. ఉండండి."

వీధి మలుపు తిరిగి వెళ్లింది. కాసేపటికి రిమ్ముతో సహా ఒక టైరును దొర్లించుకుంటూ వచ్చింది. దాని మీద అంకెలు నిరుటివి.

"మరి మీకు?" కవిప్రియ కొత్తవాళ్లను తనంతట తాను ఒక మాట అడగడం అదే మొదలు.

"ఇంకోటి తెమ్మని ఫోన్ చేసినా. వచ్చేస్తాది పాపా."

చిన్నాయనకు ప్రాణం లేచొచ్చింది. "బిగించక్కా, బిగించు! అట్నే నాలుగు చక్రాల గాలీ ఒకసారి చూసేయ్! సరే, నీ మాటే. ఇసుకలో పద్దెనిమిదే!"

ఆమె స్టెప్నీ బిగించి, మోకాళ్ల మీద కూర్చుని గాలి చూసింది. ఆమె పేరేమిటని ఎవరూ అడగలేదు.

"సాయంత్రం వచ్చి నీ టైరు తీసుకోనిపో," అని పిన్నమ్మ గేటు వేసింది.

ట్రక్కు ఇందిరా నగర్ మీదుగా దూసుకుపోయింది. తట్టాంచావడి షెడ్డులోకి అడుగుపెట్టేసరికి పదికి ఇంకా ఏడు నిమిషాలుంది.

తనిఖీ ఆఫీసరు స్టెప్నీని తట్టాడు. అంకెలు చదివాడు. "ఓకే!" అని బానెట్ మీద పద్నాలుగో నంబరు అతికించాడు.

చిన్నాయన ఈల వేశాడు. "కవీ, గొంతు చూపించు! లెఫ్టా, రైటా?"

"రైట్!"

షెడ్డు మారుమోగింది. తనలో అంత గొంతు ఉందని కవిప్రియకే తెలియదు. ఆమె పగలబడి నవ్వింది. చిన్నాయనా నవ్వాడు. పక్క బండ్లవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ సందడిలో వెనక ఇంకో ఇంజిన్ చప్పుడు. కవిప్రియ కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది.

గుమ్మం బయట అచ్చం తమదాని లాంటి ట్రక్కే. స్టీరింగ్ వెనక ఆ టైర్ల అక్క, చెవి దగ్గర ఫోన్.

"ఏంది తిలగమ్మా, స్టెప్నీ యాడ?" ఆఫీసరు అడుగుతున్నాడు.

"దారిలో ఉంది సార్. పది నిమిషాలు."

"పదైపోయింది గదమ్మా."

కవిప్రియ బండి దిగి, "సార్! సార్!" అని అరుస్తూ పరిగెత్తింది.

ఆమె చేరేలోపే, "పోయినేడు కప్పు గెలిచిన దానివి, నీకు తెలీదా రూలు?" అంటూ ఆయన తిలగం ముఖం మీదే రేకుల తలుపు లాగి మూసేశాడు.