సరుకుతో సంబంధం

‘సరుకుతో మీ సంబంధం’ అన్న గడిలో పరిశోధకురాలు ‘తల్లి’ అని రాసింది. కస్టమ్స్ గుమాస్తా నవ్వి, దాన్ని కొట్టేసి, ‘దిగుమతిదారు’ అని దిద్దాడు.

“లోపలేముంది మేడమ్?”

“మనిషి కణాలండీ. పిల్లలకొచ్చే ఒక నరాల జబ్బుకి మందు వెతుకుతున్నాం. వాటిని పెంచే వసతి మన దగ్గర లేక పైదేశంలో పెంచారు. పెట్టెలో చల్లదనం నాలుగు రోజులే ఉంటుంది. ఆలోపు ల్యాబ్‌కి చేరకపోతే చచ్చిపోతాయి.”

“అంటే ప్రాణమున్న సరుకే కదా. పశువుల డాక్టరు సంతకం కావాలి.”

పశువుల డాక్టరు, నాలుగు కాళ్ళున్నవాటికే సంతకం పెడతానన్నాడు. గుమాస్తా పైఅధికారి సెలవులో ఉన్నాడు. పెట్టెను రేకుల షెడ్డులో పడేశారు. ఆమె రోజూ ఐస్ మోసుకొచ్చి కాళ్ళావేళ్ళా పడింది. సీలు విప్పితే నేరమన్నారు.

పద్దెనిమిదో రోజున గుమాస్తాయే కబురు పెట్టాడు. ఆమె వెళ్ళి పెట్టె మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది.

“ఇక పశువుల డాక్టరుతో పనిలేదు మేడమ్. చచ్చిన సరుక్కి డెత్ సర్టిఫికెట్ ఒక్కటి జతచేస్తే చాలు.”

ఆమె సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

“ఎవరిదిది?”

“మా అమ్మాయిదండీ. ఆ కణాలు దానివే. పోయే ముందు దాని ఒంట్లోంచి తీసినవి.”

గుమాస్తా తేదీ చూశాడు. నిరుటిది. ముద్ర వేస్తూ మెత్తగా మందలించాడు.

“ఇది మొదటిరోజే ఇచ్చుంటే, ఆ పూటే వదిలేసేవాళ్ళం కదమ్మా.”