మహేంద్రగిరి మీద మూడో ఫొటో

పలాసలో పెళ్లిఫొటోలు తీసే ఉమామహేష్‌కి కొండలంటే పిచ్చి. కొండల ఫొటోలు మాత్రం ఎప్పుడూ సరిగ్గా వచ్చేవి కావు.

“నీ కొండలన్నీ గుట్టల్లాగున్నాయి బావా. ముందర మనిషి నిలబడితేనే కదా ఎత్తు తెలిసేది! నన్నోపాలి తీసుకెల్లు,” అనేది అతని భార్య తనూజ.

“సూద్దాంలే, పైయేడు,” అనేవాడు. పోయిన వేసవిలో కిడ్నీ జబ్బుతో ఆమె చనిపోయింది.

చలికాలంలో అతను ఒంటరిగా మహేంద్రగిరి ఎక్కాడు. తెల్లవారకముందే స్టాండు మీద కెమెరా పెట్టి, ఎదుటి బండను ఫొటో తీశాడు. తెర మీద, బండ అంచున ఒక ఆడమనిషి అటు తిరిగి నిలబడి ఉంది. తలెత్తి చూస్తే ఎవరూ లేరు. మళ్లీ తీశాడు. ఆమె అక్కడే ఉంది. వెనకున్న కొండ ఎంత ఎత్తో అతనికి మొదటిసారి తెలిసింది.

“తనూజా, ఇటు తిరుగు,” అన్నాడు.

మూడో ఫొటోలో బండ ఖాళీగా ఉంది. గాలి ఆగిపోయింది. సరిగ్గా అతని భుజం వెనక నుంచి మెల్లగా ఒక గొంతు వినిపించింది.

“ఈపాలి బాగొచ్చినాదేటి బావా?”

భయంతో అతను వెనక్కి తిరగలేదు. ఎండ పడ్డాక తిరిగి చూస్తే, మంచుకు తడిసిన గడ్డి తప్ప ఏమీ లేదు.

“బాగొచ్చినాది తనూజా,” అన్నాడు అప్పుడు. చాలాసేపు అంటూనే ఉన్నాడు.