సొట్ట బిందె

"గిదేనామ్మా నీ బిందె?" జమాదారు బ్రహ్మచారి ఠాణా వెనక గదిలోంచి ఒక ఇత్తడి బిందె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నాది కాదు సాబ్. నాదానికి నడుమ సొట్ట ఉంటది" అంది అనసూయమ్మ.

బ్రహ్మచారి లాఠీ తీసి బిందె నడుమ ఒక్కటి వేశాడు. "ఇగో, సొట్ట. తీస్కపో. హైదరాబాదుల మిలిటరీ సర్కారొచ్చి నెల సుత గాలే. గప్పుడే చోరీ రిపోర్టు రాస్తే పెద్ద సాబులు నన్ను పరేషాన్ చేస్తరు."

అనసూయమ్మ బిందెను తిప్పి చూసింది. అంచు కింద తెలుగులో పేరు కొట్టించి ఉంది: కాంతమణి. సీతాఫల్‌మండిలో తన పక్కింటి టీచరమ్మ! పోయిన వారం బిందె పోయిందని ఆమె వస్తే, దొరకలేదని పంపించింది ఈ జమాదారే.

"ఏం రాసుంది? నేను సదివింది ఉర్దూల" అన్నాడు బ్రహ్మచారి.

అనసూయమ్మ బిందెను చంకకెత్తుకుంది.

"నా పేరే సాబ్. ముసలి కండ్లు, ఇందాక ఆనలే."

"నేను జెప్పలే?" అని మురిసిపోయాడు జమాదారు.

అనసూయమ్మ నేరుగా పక్కింటికి పోయి, బిందెను కాంతమణి చేతిలో పెట్టింది.

"రేపు నువ్వు పోయి మళ్ల అడుగు. ఆ గదిల నా బిందె సుత ఉండొచ్చు. ఎవరి పేరున్నా నీదేనని చెప్పి పట్టుకరా. వాడకట్టు బిందెలన్నీ గిట్లనే తెచ్చుకుందం."

కాంతమణి బిందెను తడిమి చూసుకుంది. "అక్కా, ఈ సొట్ట ఏంది?"

"గదే జమాదారు రాసిన రిపోర్టు. రేపు నువ్వు మాత్రం సొట్ట ముచ్చట తియ్యకు."